ఒరలోని చిన్న కత్తి

డల్లాస్ ఎయిర్‌పోర్ట్‌లో లగేజ్ బెల్టు పక్కన ఒక నేపాలీ పెద్దాయన నేలమీదే పెట్టె తెరుచుకుని కూర్చున్నారు. తనిఖీవాళ్లు బట్టలన్నీ కలగాపులగం చేశారు. గూర్ఖా సిపాయిలు వాడే వంకర కత్తి, కుక్రీ, ఒరలో భద్రంగానే ఉంది. ఆయన ఇంకా వెతుకుతున్నారు.

"అంకుల్, కత్తి సేఫ్‌గానే ఉంది కదా?" అన్నాను హిందీలో.

ఒర వెనక రెండు చిన్న అరలు చూపించారు. ఒకదాంట్లో సానబెట్టే ఇనుప ముక్క ఉంది. రెండోది ఖాళీ.

"ఇందులో చిన్న కత్తి ఉండాలి బేటా. పెద్దది నాకు సైన్యంలో ఇచ్చారు. చిన్నదాంతో మా ఆవిడ కూరలు తరిగేది."

నేనూ కూర్చుని వెతికాను. స్వెటర్ మడతలో దొరికింది. ఆయన కళ్లకద్దుకున్నారు. అది అరిగి అరిగి వెదురాకంత సన్నబడి ఉంది.