మొలతాడు కత్తి

మా ఇంటాయప్ప గొర్లు కాసేటోడు. ఆయప్ప మొలతాడుకు ఎప్పుడూ ఒక మడత కత్తి యాలాడతాండె. తుమ్మచెట్టెక్కి కొమ్మలు కొయ్యల్లన్నా, ఈనిన గొర్రెకు బొడ్డుపేగు కొయ్యల్లన్నా, పెరిగిన గిట్టలు చెక్కల్లన్నా అదే. గొర్రెపిల్లను సంకనేసుకొని నడిచేటప్పుడు మొలలో తెరిచిన కత్తి ఉంటే దాన్నో నిన్నో కోస్తాది. అందుకే మడత.

"కత్తి తెరిచి, దాని వీపును రాయికేసి కొట్టి చూడల్ల. అలుగు పిడిలోకి మడుచుకునిందా, ఎర్రగడ్డలు కోసుకో దాంతో" అంటాండె. ఆయప్ప కత్తిని ఊరి కమ్మరాయప్ప లారీ కమాన్ పట్టీతో చేసిచ్చినాడు. ఎంత కొట్టినా కదిలేది కాదు.

పోయిన ఎండాకాలం ఎద పట్టుకొని గొర్ల నడుమనే పడిపోయినాడు. మా వాళ్లలో చచ్చినోని మొలతాడుకు ఉండేదంతా వానితోనే గుంతలోకి పోవల్ల. మా మరిది కత్తిని కూడా పెడతాంటే చెయ్యి పట్టుకుంటి.

"అది నాకియ్యి. మందకు కావల్ల."

"ఆడదానికి మందేంది వదినా? గొర్లు అమ్మేసి నా వాకిట్లో కూర్చో. ఇంత ముద్ద నేను పెట్టనా?"

అందరూ ఔనన్యారు. మట్టేసినారు.

నేను గొర్లు అమ్మలేదు. అవి పోతే ఆ వాకిలే గతి.

కమ్మరాయప్ప చేసిచ్చేదాకా మంద ఆగదని పోతే, కళ్యాణదుర్గం సంతలో తళతళ మెరిసే మడత కత్తి దొరికె. రాయికేసి కొట్టబోతే అమ్మేటాయప్ప గుంజుకొన్యాడు. "ఏమ్మా, కొనేదా, పగలగొట్టేదా? కొన్నాక నీ మొగుని నెత్తిన కొట్టుకో!" చుట్టూ నవ్వినారు. ఇంగో కత్తి ఆ సంతలో లేదని అదే కొంటి. ఇంటికొచ్చి కొడితే అలుగు మడుచుకునె. మందను ఎవరికి అప్పజెప్పి మళ్లీ పోదును?

వానల్లేక శెనక్కాయ చేను వాడిపోతాంటే ఒక రైతన్న, "తోలుకో అక్కా, నీ గొర్లన్నా తిననీ" అని గట్టు మీద అటు తిరిగి కూర్చొన్యాడు. గొర్లు ఆబగా తినె. మందకు ముందర నడిచే పెద్ద గొర్రె కడుపు తప్పెట మాదిరి ఉబ్బి పడిపాయ. ఎడమ డొక్కలో కత్తి దించి గాలి తీస్తే బతుకుతాది. మా ఇంటాయప్ప చేస్తాంటే చూసినాను. దించితి. తోలు మందం. అలుగు సగం కూడా దిగకనే మడుచుకొని నా వేళ్ల మీద పడె. ఎముక కనపడె. కొంగు చుట్టి మళ్లీ పట్టుకుంటి గానీ నెత్తురుకు ఆ నున్నని పిడి నిలబడితే గదా. గొర్రె నన్నే చూస్తా పాయ.

మరిది వచ్చి నిలబడి, "చెప్తి గదా వదినా" అన్యాడు.

"చెప్తివి. కత్తిని పూడిస్తివి గూడా."

రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. గాయం ఆరినాక ఆ కమ్మరాయప్ప కాడికే పోతి. "అలుగు తిరిగే చీల లావుగా ఉండల్లన్నా. తెరిస్తే వెనకపట్టీ అలుగును టక్కుమని పట్టుకోవల్ల, మడుచుకోకుండా. పిడి తుమ్మ చేవతో చెయ్యి, నునుపు పెట్టొద్దు."

"ఎవర్ని పొడుస్తావు తల్లీ?"

"మా మరిదిని."

"అట్లయితే ఇంగో రెండు దెబ్బలు ఎక్కువేస్తా" అని నవ్వె. నాకు నవ్వు రాలేదు.

ఆ కత్తి ఇప్పుడు నా మొలలో ఉండాది. మొన్న మరిదిని పిలిచి చెప్తి: "నేను పోయిన దినం దీన్ని నాతో ఎయ్యొద్దు. మందను ఎవరు తోలుకుపోతే వాళ్ల చేతికియ్యి. ఆడదైనా సరే."

"అది మన ఆచారం కాదు వదినా" అన్యాడు.

కత్తి తెరిచి, మరిది కాళ్ల ముందరుండే రాయికేసి వీపు కొట్టి చూపిస్తి. కదల్లేదు.