హాస్టల్‌లో మిరపకాయల పొగ

చారెడు ఎండుమిరపకాయలతో మూడంతస్తుల ఆడపిల్లల హాస్టల్‌ను ఖాళీ చేయించిన ముసలమ్మ కరీంనగర్‌లో ఇంకొకతి ఉంటే చూపించండి, నా చేతి కడియాలు తీసిచ్చేస్తాను. రాసేది నా మనవరాలు శ్రావ్య. "నానమ్మా, నా పేరు తీసెయ్" అంటోంది.

"నీ గురించే గద బిడ్డా గిదంత! రాయ్."

శ్రావ్య ఇంజనీరింగ్‌లో చేరిన కొత్త. నేను మెట్‌పల్లిలో, తను కరీంనగర్ హాస్టల్‌లో. ఫోన్ చేస్తే "ఆఁ, తిన్న, మంచిగున్న." అంతే. ఇంట్లో రేడియోలా వాగే పిల్ల! ఆ రోజు పొద్దున్నుంచి అసలు ఫోనే ఎత్తలేదు. పేపర్లో చదివిన హాస్టల్ పిల్లల చావు వార్తలన్నీ వరసగా గుర్తొచ్చాయి. బస్సెక్కాను. సంచిలో పైన సకినాలు, అడుగున ఉప్పు, మిరపకాయలు, కర్పూరం. పిల్లకు దిష్టి తగిలిందని నా తీర్పు.

రెండో అంతస్తులో, చేరిన రోజు నేనే పరుపు పరిచిన గది. లోపలి నుంచి గడియ.

"శ్రావ్యా! నానమ్మనే, తలుపు తియ్!"

ఉలుకూ పలుకూ లేదు. చెవి ఆనిస్తే లోపల ఎవరో వెక్కుతున్న చప్పుడు.

"ఎవలేమన్నరు బిడ్డా? మార్కులు తక్కువొచ్చినయా? మీ బాపుకు చెప్పనులే, తియ్!"

ఆ చప్పుడూ ఆగిపోయింది. రెండు చేతులా తలుపు బాదుతూ కేకలు పెట్టాను.

కేకలు విని వార్డెన్ ఉరికొచ్చింది. "ఏమైందమ్మా?"

"పిల్ల తలుపు తీస్తలేదు!"

ఆమె ముఖం పాలిపోయింది. "తలుపు ఇరగ్గొట్టెటోన్ని తోల్కొస్త. మీరు మాట్లాడుతనే ఉండుండ్రి!"

ఆకాశవాణికి పోటీగా పుట్టిన నోరు ఆ పూటే మూగబోయింది. సకినాల డబ్బా మూతలో కర్పూరం వెలిగించి, ఉప్పూ మిరపకాయలూ తలుపు ముందు తిప్పి అందులో పడేశాను. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. అమ్మా, ఆ ఘాటు! ఊరు ఊరంతటికీ దిష్టి లేదని తేలిపోయింది.

పొగ తలుపు సందులోంచి లోపలికి దూరింది, పైకప్పుకూ ఎక్కింది. ఎక్కడో సైరన్ మోగింది. తల నిండా షాంపూతో ఒకతె, ఒక్క చెప్పుతో ఒకతె, పిల్లలంతా మెట్లు దూకారు. వార్డెన్ దగ్గుతూ పైకొచ్చింది.

"ఏం కాల్చిండ్రమ్మా?"

"మిరపకాయలు."

"మాట్లాడుమంటె పొగ పెడ్తరా?"

అప్పుడు తెరుచుకుంది తలుపు. పిల్ల దగ్గుతూ వచ్చి నా మీద పడింది. గట్టిగా కావలించుకుని, "నా తల్లే, బతికించినవ్" అని ముద్దు పెట్టబోతూ ముఖం చూశాను. మా పిల్ల కాదు.

"నువ్వెవలు బిడ్డా?"

"మానస... ఆసిఫాబాద్."

"మరి మా శ్రావ్య ఏది?"

"నానమ్మా!" మెట్ల మీద, పరీక్ష అట్ట చేతబట్టుకుని, నిక్షేపంగా ఉంది మా శ్రావ్య. "పరీక్షని ఫోన్ బంద్ పెట్టిన. గది మారిన్నని మొన్ననే చెప్పిన గద!"

చెప్పిందట. అప్పుడు నేను నువ్వుల లడ్డూలు ఏ పూట తినాలో ఉపన్యసిస్తున్నాను.

సిగ్గుతో చేతులు తీయబోతే మానస వదల్లేదు. "క్లాసుల ఒక్క ముక్క సమజైతలేదు అమ్మమ్మా. అడిగితె నవ్వుతరు. ఇంటికి చెప్తె మా బాపు పరేషాన్ అయితడు. అందుకే తలుపేస్కుంటున్న." అందరం ఏడుస్తూనే ఉన్నాం. ఎవరి ఏడుపు పొగది, ఎవరిది మనసుది, చెప్పే వీలే లేదు.

తిట్టడానికి తెరిచిన నోరు వార్డెన్ మూసేసింది. "గీ పిల్ల గోస మాకెవ్వలకు ఎర్కలేదమ్మా" అని, కాలేజీలో పిల్లల బాధలు వినే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లింది. మానస నా కొంగు వదల్లేదు, నేనూ వెళ్లాను. పెళ్లి పీటల మీద కూడా మాట్లాడిన దాన్ని, ఆ గదిలో మాత్రం నోరెత్తలేదు. పిల్ల చెబుతూనే ఉంది.

మొన్న మళ్లీ వెళ్తే వార్డెన్ గేటు దగ్గరే నా సంచి తడిమింది. తర్వాత చెవిలో మెల్లగా అంది: "పైన గింకో కొత్త పిల్ల తలుపు తీస్తలేదమ్మా. మిరపకాయలు లేకుంట... జర వస్తరా?"

కాబట్టి, నేల తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, శ్రావ్యా, పెద్దక్షరాలతో రాయి: ఇకపై ఏ హాస్టల్‌లోనూ మిరపకాయ కాల్చను. తలుపు తెరిచాక ముందు పేరడుగుతాను. తర్వాత నోరు మూసుకుని వింటాను. ఆ చివరిది మాత్రం, దేవుడే దిక్కు.