భిక్షపతి అన్న బిల్డు

ఎవరు ఏ మూల ఒక్క అక్షరం మార్చినా సరే, ప్రాజెక్టులన్నిటినీ మొదటినుంచి మళ్ళీ బిల్డు చేయించందే మా భిక్షపతి అన్నకు ముద్ద దిగదు.

మొఘల్‌పురాలో ఒక హోల్‌సేల్ దుకాణం మీది అంతస్తే మా ఆఫీసు. బిల్లింగు, గోదాము, జీతాలు, లారీలు... దుకాణదారులకు కావలసిన ప్రోగ్రాములన్నీ రాస్తాం. ఆ ప్రాజెక్టులన్నీ అన్న స్క్రీను మీద ఒకే విండోలో, పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు వరసగా ఉంటాయి. బిల్డు అంటే మేం రాసిన కోడును కంప్యూటరు చేత నడిచే ప్రోగ్రాముగా కట్టించడం. మార్చినదాన్ని ఒక్కటి బిల్డు చేస్తే చిటికెలో అయిపోతుంది. అన్న ఒప్పుకుంటేగా! అన్నీ కలిపి పెట్టాడంటే మా ముసలి సర్వర్ రొప్పుతూ మూలిగేది. అది ముగిసేలోపు మలక్‌పేట వెళ్ళి రావచ్చు, అదీ చాంద్రాయణగుట్ట మీదుగా చుట్టు తిరిగి. అందరి పనీ ఆ సర్వర్ మీదే కాబట్టి అంతసేపూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.

"అన్నా, నేను మార్చింది బటన్ రంగొక్కటే!" అని ఒకసారి మొత్తుకున్నాను.

"రంగే గదా అంటవ్. ఇంట్ల ఒక్కడు దగ్గితే అందరం కషాయం తాగాలె నగేషూ!"

అన్న భార్య కృష్ణమ్మ వదిన గోడు ఇంకోటి. "కూరల ఉప్పు తక్కువైతే అన్నం గూడ మల్ల వండుమంటడయ్యా! ఈయనతోని ఎట్ల ఏగాలె?"

మా ఓనరు నిఖిలేష్ ఆ కింది దుకాణం వాళ్ళబ్బాయే. పని నడుస్తుండగా ఎవరూ గడప దాటకూడదని ఆయన రూలు. బిల్డు నడిచేటప్పుడు మాత్రం ఎటైనా పోవచ్చు. ఈ రోజువారీ బిల్డు బాధ పడలేక చివరికి ఆయన కొత్త సర్వర్ కొన్నాడు.

అది బిగించిన మధ్యాహ్నం అన్న ఎప్పటిలాగే అన్నీ కలిపి పెట్టాడు. చాయ్ చల్లారకముందే అయిపోయింది! మేమంతా చప్పట్లు కొట్టాం. అప్పుడే మెట్ల దాకా వెళ్ళిన మా పక్క సీటు షారోన్ మాత్రం వాడిపోయిన మొహంతో వెనక్కి వచ్చి కూర్చుంది.

అన్న ఆమె వైపు చూశాడు. "గింత జల్దీ ఎట్లయితది? ఏదో తప్పున్నది. మల్ల పెడుతున్న."

మళ్ళీ అయిపోయింది. మళ్ళీ పెట్టాడు. షారోన్ లేవడం, కూర్చోవడం.

నిఖిలేష్‌కు తిక్క రేగింది. "ఏంది భిక్షపతి అన్నా ఈ లొల్లి? దిమాగ్ ఖరాబైందా? ఇగ నీకు బిల్డు బంద్!"

"అన్నను తిట్టకుండ్రి సార్, నా కోసమే చేస్తున్నడు." షారోన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా బిడ్డకు ఇంక నాలుగు నెల్లు గూడ నిండలే. సీసా నోట్ల పెట్టుకోదు. వెనక గల్లీలనే ఇల్లు. బిల్డు అయ్యేలోపు పోయి పాలిచ్చొస్తున్న. గిట్ల జల్దీ అయితే నేను నౌకరీ ఇడిచిపెట్టుడే."

అప్పుడు వెలిగింది నాకు. అన్న చాదస్తం పాతదే. కానీ షారోన్ డెలివరీ సెలవు నుంచి వచ్చాకే అది రోజూ మధ్యాహ్నం మూడింటికి కుదురుకుంది. మా తిట్లన్నీ నవ్వుతూ పడ్డాడు మహానుభావుడు! వెళ్ళి ఆయన్ని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది.

అన్న మాత్రం తల గోక్కున్నాడు. "గట్లేం లేదు సార్, నాకు నిజంగనే డౌటొచ్చింది."

నిఖిలేష్ కిందికి దిగిపోయాడు. షారోన్ నౌకరీ పోయినట్టే అనుకున్నాం. ఒకసారి ఆడిన మాట వెనక్కి తీసుకోవడం వాళ్ళ ఇంటావంటా లేదు మరి.

మర్నాడు మూడింటికి ఆయనే పైకి వచ్చాడు. "అన్నా, బిల్డు పెట్టలేదేంది?"

"మీరే బంద్ అంటిరి గద సార్. ఎవ్వరేం మార్చలే గూడ."

నిఖిలేష్ కుర్చీ లాక్కుని, ఒక ఫైలు తెరిచి, ఎక్కడో రెండు మాటల మధ్య ఒక ఖాళీ కొట్టి సేవ్ చేశాడు. "ఇగో, నేను మార్చిన. బంద్ అన్నది కొత్త సర్వర్ల. దాని మీద నాకు భరోసా లేదు. మూలకు పెట్టిన పాతదాంట్లనే అన్నీ పెట్టు."

షారోన్ అప్పటికే సగం మెట్లు దిగింది.