పరాయి దూది

మాది గురజాలలో దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. ఆ రెండోదాంట్లో మా అత్తమ్మను మించినవాళ్ళు మా వీధిలో లేరు. పంతొమ్మిది వందల ఎనభైల్లో ఒక ఎండాకాలం ఆమె కడుపులో కంతి లేచింది. నరసరావుపేట డాక్టరు చూసి, ఇది ఆపరేషన్ తట్టుకునే వయసు కాదు, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నాడు.

చూసుకోనిస్తేగా! పొద్దున లేవగానే మా ఆయన్ని పిలిచి ఒకటే మాట. "ఒరేయ్, ఆ కాంపౌండరుతో చెప్పి పెద్ద సూదొకటి ఏపించు. ఇక లెగవకుండా పోతా." మా ఆయన పైకి కసిరేవాడుగాని, పెరట్లోకి పోయి ఏడ్చేవాడు. నిజంగానే కాంపౌండరును అడుగుతాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఆమె మీద కోపమూ వచ్చింది. పోయేదేదో తన దారిన పోక, ఆ పాపం కొడుకు చేతికి అంటిస్తానంటుందేమిటి?

అందుకే మసీదులో నమాజు చదివించే హజ్రత్‌ను నేనే పిలిపించాను. ఆయనకు మా ఇంటి సేమియా అంటే ప్రాణం. గిన్నె ఖాళీ అయ్యాకే మాట్లాడాడు. ప్రాణం మనది కాదు, దేవుడు మన దగ్గర దాచిన అమానత్తు, తీసుకునే హక్కు నీకూ లేదు, నువ్వడిగావని తీసే హక్కు నీ కొడుక్కీ లేదు అన్నాడు. ఆమె వినకపోయేసరికి మా వృత్తిలోకే దిగాడు. "ఊళ్ళోవాళ్ళు ఏకమని ఇచ్చిన దూది పాతబడిందని తగలబెడతావా అమ్మా?"

అత్తమ్మకు రోషం వచ్చింది. పరాయి దూది చిటికెడు కూడా పోనివ్వని చెయ్యి ఆమెది. "తగలబెట్టను. ఇచ్చినోళ్ళు వచ్చి పట్టుకుపోవాలిగా మరి? ఇల్లంతా ఆళ్ళ దూదే, నాకు పడుకునే చోటు లేదు. ఇదేం న్యాయమయ్యా?"

 దాంతో హజ్రత్ ఒక్కొక్క మెట్టే దిగొచ్చాడు. నొప్పి తగ్గించే సూది వేయించుకోవచ్చు, మత్తు కమ్మినా తప్పులేదు, చంపే ఉద్దేశం ఉండకూడదంతే. పనిచేయని మందులు మానేయొచ్చు. అయితే కోడలి జావ కూడా మానేస్తానంది అత్తమ్మ. తిండి మందు కాదు, మానకూడదన్నాడు. ఈ జావ తిండి కూడా కాదని ఆమె వాదన. ఆ ఒక్క విషయంలో హజ్రత్ తీర్పు చెప్పకుండానే లేచాడు. పోతూ పోతూ, చావు కోరకూడదమ్మా, బతకడం మేలైతే బతికించు, పోవడం మేలైతే తీసుకుపో అని దువా చేసుకో అన్నాడు.

మర్నాడు కాంపౌండరు నొప్పి సూది వేశాడు. చాలా రోజులకు ఆమె గురకపెట్టి నిద్రపోయింది. సాయంత్రం కళ్ళు తెరిచి, చుట్టూ కలయజూసి, నన్ను చూడగానే మొహం మాడ్చుకుంది. "నువ్వు కూడా ఉన్నావంటే ఇది జన్నత్ కాదన్నమాట." నవ్వాపుకోలేక జావ గిన్నె కింద పెట్టేశాను.

ఆ తర్వాత పెద్ద సూది మాట ఎత్తలేదు. మా ఆయన పెరట్లోకి పోవడమూ తగ్గింది. దువా మాత్రం రోజూ చేసేది, తెలుగులోనే. మొదటి సగం గొణుక్కుని, రెండో సగం వీధిలోకి వినపడేట్టు అనేది. అలా అన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది, గుండె కలుక్కుమనేది.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం, మా ఆయన తన కాళ్ళు పిసుకుతుంటే అత్తమ్మ నన్ను పిలిచింది. "ఏమే, దూదికొచ్చారు. తలుపు తియ్యి."

వీధిలో ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా లేచి వెళ్ళి రెండు తలుపులూ బార్లా తీశాను. తిరిగొచ్చేసరికి మా ఆయన ఆమె కళ్ళు మూస్తున్నాడు. ఆ చేతికి ఏ పాపమూ అంటలేదు.