నీళ్ళ మాత్ర

ఆ రోజుల్లో మా వైపు షుగరుకు ఉన్న మర్యాద బీపీకి ఉండేది కాదు. పెళ్ళి పంక్తిలో కూర్చుని, పాయసం వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకు షుగరప్పా" అని పదిమందికీ వినబడేలా చెప్పుకోవడంలో ఒక దర్జా ఉండేది. బీపీ సంగతి అలా కాదు. కన్నడ రాష్ట్రంలో ఉన్న మా చింతామణి ఊళ్ళో అది జబ్బు పేరు కాదు, తిట్టు. ఎవరినైనా చూపించి "వానికి బీపీలే, వదిలెయ్యి" అన్నారంటే వాడు చీటికీ మాటికీ అరిచే మనిషని అర్థం. అందుకని నిజంగా బీపీ వచ్చినవాళ్ళు దాన్ని దొంగసొత్తులా దాచుకునేవారు. నాకిప్పుడు నలభై అయిదు దాటాయి. ఈమధ్య చొక్కా జేబు తడుముకున్నప్పుడల్లా ఆ కాలమూ, ఒక ఓడా, ఆ ఓడ మీద నేను వెలగబెట్టిన వైద్యమూ గుర్తుకొస్తున్నాయి.

మా మామకు (అమ్మకు తమ్ముడు) చింతామణిలో విత్తనాలు, పురుగుమందుల అంగడి. టమాట తోటకు ఏ తెగులు తగిలినా చుట్టుపక్కల రైతులు ఒక ఆకు తెంపుకొని నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన ఆ ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, ఏ మందు, ఎన్ని నీళ్ళకు ఎంత కలపాలో చెప్పేవాడు. చివర్లో ఒక మాట మాత్రం ఎవరికీ చెప్పకుండా వదిలేవాడు కాదు. "చెప్పినంతే కొట్టల్ల. ఎక్కువ కొడితే పురుగుతో పాటు చెట్టూ పోతాది." అందరి తోటలకూ మందు చెప్పే ఈ పెద్దమనిషి, డాక్టరు తనకు రాసిచ్చిన మందును మాత్రం వంటింటి తలుపు చాటున నిలబడి మింగేవాడు. ఎందుకు మామా ఈ దాగుడుమూతలు అని నేనొకసారి అడిగితే, బీపీ ఉన్నవాడి అంగడికి ఎవరొస్తారు, అరుస్తానని భయపడరా అన్నాడు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. అయినా ఆ భయం ఆయనకు నిజంగానే ఉండేది.

ఆ ఏడు ఒక టమాట విత్తనాల కంపెనీ, తమ విత్తనం బాగా అమ్మిన అంగళ్ళవాళ్ళను సింగపూరు తీసుకుపోయి, అక్కడినుంచి మూడు రోజులు ఓడలో తిప్పి తెస్తామంది. టికెట్లు ఇద్దరికి. అత్త కంపెనీవాళ్ళు పంపిన ఓడ బొమ్మను చాలాసేపు చూసి, "పదకొండు అంతస్తులంట, అదీ నీళ్ళ మీద. నేల మీద కట్టిన మన ఇల్లే బీటలిచ్చింది, నేను రాను" అని తేల్చేసింది. అలా రెండో టికెట్టు నాకు దక్కింది. నేనప్పటికి బీఎస్సీ ముగించి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పడానికి చేరి ఎనిమిది నెలలయింది. (కన్నడ వాడుకను బట్టి అందరూ నన్ను "మేష్ట్రు" అనేవారు. మీసాలు సరిగ్గా రాకముందే ఆ పిలుపు వచ్చేసరికి నా తల కొంచెం తిరిగిన మాట నిజం.) రజ, అంటే సెలవు, అడగబోతే హెడ్‌మాష్టరు కారణం రాసిమ్మన్నాడు. "తేలుట, మునుగుట అను పాఠమును ప్రత్యక్షముగా పరిశీలించుటకు" అని రాసిచ్చాను. ఇంతటి శాస్త్రవేత్త పక్కనుండగా భయమేమిటని మామ మాత్రల బాధ్యత అత్త నాకే అప్పజెప్పింది.

బయలుదేరే పొద్దున నన్ను వంటింట్లోకి పిలిచి, అంచులకు పసుపు రాసిన పాత పెళ్ళిపత్రికల కవర్లు రెండు చేతిలో పెట్టింది. అత్త చదువుకున్నది కన్నడ బడిలో, కాబట్టి తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాస్తుంది. (మా వైపు చాలామందిమి అంతే, నోటికి ఒక భాష, చేతికి ఒక భాష.) ఒక కవరు మీద "రాత్రి మాత్ర" అనీ, రెండోదాని మీద "నీళ్ళ మాత్ర" అనీ ఉంది. బీపీ అన్న రెండక్షరాలు ఎక్కడా లేవు, అది మామ పెట్టిన కట్టడి. రాత్రిది రాత్రికి ఒకటి, నీళ్ళ మాత్ర పొద్దున ఒకటి, అంతే అంది అత్త. నీళ్ళ మాత్ర అనే మాట నేను వినడం అదే మొదలు. ఇది షిప్పు కోసమా అత్తా అని అడిగాను. ఆమె పులిహోర మూట కట్టే తొందరలో ఉండి, "ఆఁ, షిప్పులో గూడా మానకూడదు" అంది. నాకంతా తేటతెల్లమైపోయింది. దగ్గుకు వేసుకునేది దగ్గు మాత్ర, జ్వరానికి వేసుకునేది జ్వరం మాత్ర, నీళ్ళ మీద పోయేటప్పుడు తల తిరగకుండా వేసుకునేది నీళ్ళ మాత్ర. దేశం కాని దేశమని అత్త అవి రెండు అట్టలు, ఇరవై మాత్రలు పెట్టింది. గడప దాటుతుంటే నా చెయ్యి పట్టుకుని, "మీ మామ ఎట్ల పోతాండాడో అట్లే తిరిగి రావల్ల నాయనా. నాకింకేమీ వద్దు" అంది.  తప్పకుండా తీసుకొస్తానని మాటిచ్చాను.

ఓడలో మొదటి రోజు బాగానే గడిచింది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, మంచేనహళ్ళి అంగళ్ళవాళ్ళు మామతో కలిపి పదకొండు మంది. అందరూ కొత్త బూట్లతో, ఆ తివాచీల మీద పొలం గట్టు మీద నడిచినంత జాగ్రత్తగా నడిచారు. పొద్దున మాత్ర వేసుకున్నాక మామ గదికీ బాత్రూముకీ మధ్య చాలాసార్లు తిరిగాడు. ఏసీ చలికి అలాగే అవుతుందని శాస్త్రీయంగా వివరించాను. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర సముద్రం కదిలింది. గ్లాసులో నీళ్ళు ఒక పక్కకు ఒరిగి, కాసేపు ఆలోచించుకుని, రెండో పక్కకు ఒరగడం మొదలుపెట్టాయి. మామ ముఖం పాలిపోయింది. ఏ మాత్ర ఎందుకో అత్తకే వదిలేసిన మనిషి, అటూ ఇటూ చూసి నా చెవిలో, నీళ్ళ మాత్రకు దీనికేమైనా పని చేసే గుణముందా అని అడిగాడు. దానికోసమే కదా మామా అది అన్నాను, అంత ధీమాగా. పొద్దున ఒకటి వేసుకున్నాడు, అయినా నీళ్ళు ఎక్కువైతే మాత్రా ఎక్కువ కావాలి కదా, అని ఇంకొకటి ఇచ్చాను. మందు ఎక్కువ కొడితే చెట్టు పోతుందని చెప్పే మనిషి, మేష్ట్రు చెప్పాడని నోరు మెదపకుండా మింగాడు. ఆ నమ్మకం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఎదురుగా కూర్చున్న బాగేపల్లి మీసాలాయన (ఆయన మీసం ఆయనకంటే ముందు గదిలోకి వచ్చేది) ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "అదేం మాత్రప్పా?" అన్నాడు. షిప్పు మాత్ర, తల తిరగదు అని చెప్పాను. బీపీ అన్న మాట రాకుండా తప్పించానని లోపల మురిసిపోయాను కూడా. ఇంకేముంది, అంగళ్ళవాళ్ళంతా చేతులు చాచారు. తలకొకటి పంచాను, బాగా తిరుగుతోందన్నవాళ్ళకు రెండేసి ఇచ్చాను, నేనూ ఒకటి వేసుకున్నాను. కవరు ఖాళీ అయింది. ఒక పుణ్యకార్యం చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

నాలుగు గంటలకు కంపెనీ ఆఫీసరు అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేస్తూ కొత్త టమాట రకం గుణగణాలు చెప్పడం మొదలుపెట్టాడు. కాయ గట్టిదనం దగ్గరికి వచ్చేసరికి మంచేనహళ్ళి ఆయన లేచి బయటికి నడిచాడు. ఆకుముడత రాదు అన్నప్పుడు ఇద్దరు లేచారు. ధర చెప్పేసరికి మీసాలాయనతో సహా ముగ్గురు ఒకేసారి లేచి గబగబా వెళ్ళిపోయారు. ఆఫీసరు ముఖం చూడాలి, ఇది పోయినేడు విత్తనం మొలకెత్తలేదన్న కోపమేనని ఆయన అనుకున్నాడు పాపం. వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చేవాళ్ళు, కూర్చునేలోపే మళ్ళీ లేచేవాళ్ళు. నాకూ అదే తొందర. మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చుని, ఇంతమందికి ఒకేసారి చలి చేసిందా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు మామ లేచాడు. రెండడుగులు వేశాడు, ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు, కుర్చీతో సహా మెల్లగా కిందికి జారిపోయాడు.

ఆ క్షణం నవ్వుతూ చెప్పడం నాకు ఇన్నేళ్ళయినా చేతకాలేదు. ఆయన నుదుటి మీద చల్లటి చెమట, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, పిలిస్తే కళ్ళు మాత్రమే తెరుస్తున్నాడు. ఎట్ల పోతాండాడో అట్లే రావల్ల అన్న అత్త మాట తప్ప నా తలలో ఇంకేమీ లేదు. ఓడ డాక్టరమ్మ వచ్చింది. తమిళావిడ, తెలుగు వచ్చు, నెమ్మదైన మనిషి. నాడి చూస్తూనే, ఈయన ఏ మందులు వాడతాడని నన్ను అడిగింది. చుట్టూ పదిమంది అంగళ్ళవాళ్ళు వంగి చూస్తున్నారు. మామ నా వైపు చూశాడు. చెప్పొద్దురా అని ఆ చూపు బతిమాలుకుంది. వయసులో ఆయన నాకు రెండింతలు, నన్ను భుజాల మీద మోసినవాడు, మొదటిసారి నన్నొక సాయం అడుగుతున్నాడు. నేను ఆయన కళ్ళలోంచి చూపు తప్పించి, "బీపీ ఉంది, డాక్టర్" అన్నాను. గట్టిగానే వచ్చింది మాట. తర్వాత రెండు కవర్లూ చూపించి, ఏది ఎవరికి ఎన్ని ఇచ్చానో చెప్పాను.

ఆమె ఖాళీ అట్ట వెనక పేరు చదివింది. ఆ తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నీళ్ళ మాత్ర అంటే నీళ్ళ మీద వేసుకునేది కాదు, ఒంట్లో నీళ్ళను బయటికి పంపేది. బీపీ తగ్గడానికే ఇస్తారు. అది రెండుసార్లు పడి, పైన తిండి సహించక మామకు బీపీ దిగిపోయింది. పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెం తాగిస్తే తేరుకుంటాడు, నేను చెప్పేదాకా ఇంకే మాత్రా ఇవ్వొద్దు అంది. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదని మీ బళ్ళో చెప్పరా అని కూడా అడిగింది. (నేను బళ్ళో సైన్సు మేష్ట్రునని ఆమెకు చెప్పలేదు. మీసాలాయన చెప్పాడు.) తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, మీలో ఇంకెవరికైనా బీపీ ఉందా, ఉంటే ఇప్పుడే చెప్పండి, ప్రాణంతో పని అంది.  నేల మీదినుంచి మామ గొంతు, నీరసంగా, "చెప్పండప్పా, నాది ఎట్లాగూ ఐపాయ" అంది. మీసాలాయన కాసేపు మీసం సర్దుకుని, వక్కాకు సంచి విప్పి, తమలపాకుల మధ్య నుంచి ఒక అట్ట తీశాడు. "నాకూ ఉండాదమ్మా. ఆరేండ్లాయ" అన్నాడు. ఆ తర్వాత చొక్కా లోపలి జేబుల్లోంచీ, విభూతి పొట్లంలోంచీ, ఒకాయన బూటులోంచీ మాత్రలు బయటపడ్డాయి. పదకొండు మందిలో ఏడుగురు. ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుని, అంతా కలిసి ఓడెక్కారు. డాక్టరమ్మ అందరినీ వరసగా కూర్చోబెట్టి బీపీ చూసింది, చివరికి నాదీ చూసింది. అన్నిటికంటే ఎక్కువ నాదే వచ్చింది. ఇది జబ్బు కాదు, భయం అంది ఆమె.

చీకటి పడేసరికి మామ లేచి కూర్చున్నాడు. నేను ఏడుస్తూ తప్పయిందన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంటికి చేరాక అత్త మామను తల నుంచి పాదాల దాకా చూసుకుని, నన్ను పక్కకు పిలిచి మాత్రలన్నీ సరిగ్గా ఇచ్చావా అని అడిగింది. నీళ్ళ మాత్ర ఒక్కటి కూడా మిగల్లేదత్తా అన్నాను. అన్ని రోజులకు ఇరవై ఎలా అయ్యాయన్న లెక్క తట్టక ఆమె ముఖం వెలిగిపోయింది, బాధ్యత అంటే నిన్ను చూసి నేర్చుకోవాలంది. మామ గోడ వైపు తిరిగి దగ్గాడు. మర్నాటి నుంచి ఆయన అంగట్లో, రైతుల ముందే చెంబెడు నీళ్ళతో మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడు. అదేం మందప్పా అని ఎవరైనా అడిగితే, నా తోటకి అనేవాడు. ఎవరూ అంగడి మానలేదు. పైగా ఇద్దరు ముగ్గురు రైతులు, ఆకుతో పాటు తమ డాక్టరు చీటీ కూడా ఆయనకు చూపించసాగారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కిందటేడు మా చిక్కబళ్ళాపురం డాక్టరు నాకూ రెండు మాత్రలు రాసిచ్చాడు. అందులో ఒకటి ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. స్టాఫ్ రూములో తెలిస్తే ఏమనుకుంటారోనని అట్టను చొక్కా జేబులో పెన్నుల వెనక దాచేవాణ్ణి, ఇంట్లోనైతే వంటింటి తలుపు చాటుకు పోయి మింగేవాణ్ణి. పోయిన నెల మామ మా ఇంటికొచ్చాడు, డెబ్బైకి దగ్గర పడ్డాడు, ఒళ్ళు తేలికైపోయింది. పొద్దున టిఫినయ్యాక నేను ఎప్పటిలాగే తలుపు చాటున నిలబడి ఉంటే, నీళ్ళ కోసం వచ్చినవాడు నన్ను చూశాడు. నా చేతిలోంచి అట్ట తీసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టి, ఆకును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం మేష్ట్రే," అన్నాడు, "మళ్ళా షిప్పు ఎక్కుతాండావా?"

నాకు నవ్వొచ్చింది, దానితో పాటే కళ్ళు తడిశాయి. ఆయన వెనకే హాల్లోకి వచ్చి, మా ఆవిడా పిల్లలూ చూస్తుండగా కుర్చీలో కూర్చుని మాత్ర వేసుకున్నాను. చెప్పినంతే, ఒకటే.