ఘాటు కళ్లంలో బావ కూత

అప్పట్లో మా గుంటూరు పల్లెల్లో మగపిల్లాడికి జ్వరం రావచ్చు, గజ్జి రావచ్చు, దిగులు మాత్రం రాకూడదు. వచ్చిందంటే అది పొగరనో బద్ధకమనో తేల్చేసేవారు. నాకు ఆ రెండూ పుష్కలంగా ఉన్నా దిగులు ఉండేది కాదు. ఎనిమిదో తరగతిలోనే బడికీ నాకూ పడక విడిపోయాం (తప్పు ఇద్దరిదీ ఉంది, బడి ఒప్పుకోదు). మిరపకాయల కళ్లంలో కాయల్ని గోతాల్లో కుక్కి తొక్కే పనిలో చేరి హాయిగా ఉన్నాను. మా మేనమామ కొడుకు, నాకంటే ఏడాది పెద్ద, అలా కాదు. మా వాళ్లలో ఎస్సెల్సీ దాకా వెళ్లింది ఆ బావ ఒక్కడే. పాఠమంతా ఒక్క ఊపిరిలో బిగ్గరగా వల్లించేవాడు. మధ్యలో ఆగితే మరిచిపోతానని భయం. అంత వల్లించినా పేపర్లో నెంబరు పడలేదు. ఆ జూన్ నుంచి మాఘమాసం దాకా గుమ్మం దాటలేదు. నేను మొదట్లో వెళ్లి నా ధోరణిలో వేళాకోళం చేస్తే, నవ్వకపోగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. చివరికి అత్తయ్యే ఓ రోజు నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, నువ్వేం చేస్తావో, వాణ్ణి గుమ్మం దాటించరా. వాడి గొంతు విని ఎన్నాళ్లయిందో" అంది. ఆవిడ కళ్లలో భయం చూశాక నాకు జోకులు రాలేదు.

ఆ వారమే మంగళగిరి నుంచి మగ్గాల కుర్రాళ్లు మాతో చెడుగుడు ఆడడానికి వస్తున్నారు. రోజంతా గుంటమగ్గం తొక్కిన కాళ్లు వాళ్లవి. పట్టుకుంటే స్తంభాన్ని పట్టుకున్నట్టే. ఇటు చూస్తే మా ఏడో మనిషికి గవదబిళ్లలు లేచాయి. బావ దగ్గరకెళ్లి, "లెక్క కోసం ఓ మూల నిలబడు బావా. ఎవరూ నీతో మాట్లాడరు, పూచీ నాది" అన్నాను. ఎవరూ మాట్లాడరన్న మాటే అతన్ని మంచం మీంచి లేపింది.

ఇక నా తెలివి చెప్పాలి. ఆట బడి ఆవరణలో వద్దు, పొద్దున్నే కాయలెత్తేసిన మా కళ్లంలో పెడదామన్నాను. నేలంతా ఎర్రపొడి. నేతవాళ్లకి ఘాటు పడదు, దగ్గుతారు, కూత తెగుతుంది; మనం పుట్టిందే అందులో కదా అని నా లెక్క. మావాళ్లు నన్ను భుజం తట్టి మెచ్చుకున్నారు. ఒక్కరికీ గుర్తురాని సంగతేమిటంటే, మేం రోజూ ఆ ఘాటులో బతికేది ముక్కుకి తువ్వాలు చుట్టుకుని. తువ్వాలు చుట్టుకుంటే కూత వినపడదు. నాలుగు పెనుగులాటలకి పొడి లేచింది. వాళ్లూ మేమూ ఏకమై దగ్గాం. నేను కూతకెళ్లి నాలుగడుగులు వేసి, వాళ్ల కెప్టెన్ భుజం మీదే తుమ్మాను. అతను నన్ను ఔట్ చేసి, జాలిపడి వీపు కూడా నిమిరాడు.

అలా ఒక్కొక్కరం రాలిపోగా మావైపు బావ ఒక్కడే మిగిలాడు (మూల నిలబడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు). అటు ముగ్గురు. వెళ్లనని తల అడ్డంగా ఊపాడు. నేను గీత బయట నుంచి దగ్గుతూ దణ్ణం పెట్టాను. ఏమనుకున్నాడో, వెనక గీత దాకా వెళ్లి, నిండా గాలి పీల్చుకుని, కూత అందుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు విన్నాను. పాఠం వల్లించినట్టే, పొల్లు పోకుండా, ఎక్కడా ఆగకుండా. మధ్యలో ఊపిరే తీయనివాడికి ఘాటు ఎక్కేదెలా? ఇద్దర్ని తాకాడు. మూడోవాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. బావ బోర్లా పడ్డాడు గానీ కూత పడలేదు. పాకుతూ, ఆ స్తంభాన్ని ఈడ్చుకుంటూ వచ్చి, నడిమి గీత మీద వేలు పెట్టాడు. ముగ్గురూ ఔట్.

వాళ్ల కెప్టెన్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి (ఘాటుకేలెండి), బావ భుజం మీద చెయ్యేసి, ఏం చేస్తుంటావని అడిగాడు. ఎవరూ మాట్లాడరని పూచీ పడింది నేనే కదా. గబగబా ఏదో అబద్ధం అల్లబోతే బావ నన్ను చేత్తో ఆపాడు.

"ఎస్సెల్సీ తప్పానండి. మళ్లీ రాస్తున్నా."

"ఇంత ఊపిరి పెట్టుకుని తప్పావా?" అన్నాడు కెప్టెన్. అందరికంటే ముందు నవ్వింది బావే.

మర్నాటి నుంచి సాయంత్రమైతే తనే ఇల్లిల్లూ తిరిగి మమ్మల్ని పోగేసేవాడు. వీధిలో పెద్దవాళ్లు పలకరిస్తే నిలబడి జవాబు చెబుతుంటే నాకు ఎంత ముచ్చటేసేదో. నా వేళాకోళాలన్నీ కలిసి చెయ్యలేని పని, నాలుగు గీతలు గీసిన నేల చేసింది. ఆ మార్చిలో పరీక్ష రాశాడు. మళ్లీ తప్పాడు (మూడోసారికి గట్టెక్కాడు, అది వేరే సంగతి). పేపరొచ్చిన రోజు నేను పని మానేసి, ఏమని ఓదార్చాలో మాటలు కూర్చుకుని, పొద్దుటి నుంచీ అవే నెమరేస్తూ, సాయంత్రానికి గుండె చిక్కబట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వాడెప్పుడో ఆటకెళ్లాడని చెప్పింది అత్తయ్య. పరుగెత్తుకెళ్తే, వంగి గీత గీస్తున్నవాడు తలెత్తి, "ఏరా, ఇంత ఆలస్యమా?" అన్నాడు.

నా జన్మలో నేను శ్రద్ధగా బట్టీపట్టింది ఆ ఓదార్పు ఒక్కటే. అదీ ఒప్పజెప్పే పని పడలేదు. ఈ వయసులోనూ కొన్ని ముక్కలు గుర్తున్నాయి. మంచి మాటలే, పాపం.