అడుగు పడిన ఇటుక

ఊరంతా ఆమెను ఇటుకలత్త అంటారు. తవ్వకాల్లో బయటపడ్డ పాత గోడల మధ్య ఇరవై ఏళ్లుగా ఊడుస్తోంది. చూడటానికి వచ్చేవాళ్లకు ఆ గోడలన్నీ ఒకటే. ఆమెకు మాత్రం మూడో గదిలో గడప పక్కనున్న ఇటుకంటే ప్రాణం. దానిమీద చిన్నపిల్ల పాదం ముద్ర ఉంది, ఐదు వేళ్లూ తెలుస్తాయి. ఏనాడో పచ్చి ఇటుకను ఏ పిల్లో తొక్కేసి పారిపోయింది.

వచ్చినవాళ్లు ఊరుకుంటారా? తమ పిల్లల కాళ్లు అందులో పెట్టించి ఫొటోలు!

"మీ ఇంటి గచ్చనుకున్నారా? తియ్యండి కాలు!" అని ఇటుకలత్త గొంతు చించుకునేది. ఎంతమందిని ఆపుతుంది పాపం! చిటికెనవేలు అప్పుడే సగం అరిగిపోయింది.

అది చూసి తవ్వకాల ఆఫీసరు తేల్చేశాడు. "ఇక్కడుంచితే మిగలదమ్మా. నగరానికి తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెడతాం."

ఇటుకలత్త అడ్డుపడింది. "అక్కడ దానికెవరున్నారు బాబూ? చుట్టూ చిన్న గోడ కడితే ఎవరూ తొక్కరు. ఇటుకలు నేను చేస్తా. మా నాన్న బట్టీలో పుట్టి పెరిగినదాన్ని."

ఆఫీసరు తల గోక్కున్నాడు. "సరే, నెలాఖరుకి గోడ లేస్తే చూద్దాం. లేదంటే పట్టుకుపోతాం."

ఇక ఆమె కాలు ఒకచోట నిలవలేదు. మట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, అచ్చులో పెట్టి ఇటుకలు కోసి పెరట్లో ఆరబెట్టింది. ఒక్కదానికీ వంకర లేదు. చేతులు కడుక్కుని తిరిగేసరికి, ఆరేళ్ల మనవరాలు కోడిపిల్లను తరుముతూ వాటిమీంచే పరిగెత్తింది.

"ఓసి నీ దుంపతెగ! కళ్లు నెత్తికెక్కాయా? నా చాకిరీ అంతా మట్టిపాలు చేశావు కదే!"

పిల్ల ఒకటే దౌడు. చీపురెత్తిన ఇటుకలత్త చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పచ్చి ఇటుకమీద ఐదు వేళ్లు. ఆనాడు కూడా ఎవరో అమ్మమ్మ ఇలాగే అరిచి ఉంటుంది. అరిచి, పారేయడానికి చేతులు రాక గడప పక్కన నేలలో పెట్టించి ఉంటుంది. ఇటుకలత్తకు కళ్లనీళ్లు ఆగలేదు.

కాల్చిన ఇటుకలతో నెలాఖరుకు గోడ లేచింది. లోపల పాత ఇటుక భద్రం. గోడకు ఇవతల నేలమీద, మనవరాలి అడుగున్న ఇటుక.

"ఇదెందుకమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"పిల్లలు తొక్కొద్దంటే ఆగుతారా బాబూ? తొక్కడానికి వాళ్లకూ ఒకటుండాలి కదా."

ఆయన నగరం మాట మళ్లీ ఎత్తలేదు.